తండ్రి ఇంట లేని దినములలో: సూసన్నా వెస్లీ తల్లి జీవితము

చదువవలసిన వాక్యభాగము: 2 రాజులు 4:1–7

ప్రవక్తల శిష్యులలో ఒకని భార్య ఎలీషా యొద్దకు వచ్చి మొఱపెట్టిన సంగతి మనమందరము ఎరుగుదుము. ఆమె భర్త భక్తిపరుడు. అయినను అప్పు మిగిల్చి చనిపోయెను. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొని పోవుటకు వచ్చియుండెను. అప్పుడు ప్రవక్త ఆమె యింట ఏమి యున్నదని అడిగెను. కొంచెము నూనె మాత్రమే యున్నదని ఆమె చెప్పెను. ఆ కొంచెమునుండియే దేవుడు అప్పు తీరు మార్గమును, తరువాత బ్రతుకు మార్గమును చూపెను. భక్తిగల యింటికి అప్పు రానే రాదని వేదము ఎక్కడను చెప్పలేదు. అట్టి యింటిని దేవుడు విడిచిపెట్టడని మాత్రము చెప్పుచున్నది.

ఈ మాసములో మనము అట్టి యొక యింటి చరిత్రను ధ్యానింతము. జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీ అను సోదరుల పేర్లు వినని సంఘము మనలో లేదు. చార్లెస్ వ్రాసిన కీర్తనలు నేటికిని అనేక భాషలలో పాడబడుచున్నవి. జాన్ గుఱ్ఱముమీద ఊరూర తిరిగి సువార్త ప్రకటించెను. అయితే ఆ సోదరులు పెరిగిన యింటిలో పొయ్యి వెలిగించుటకు బొగ్గు కొనవలెనన్నను డబ్బు లెక్క చూచుకొనవలసిన దినములుండెను. ఆ యింటిని నడిపినది వారి తల్లి సూసన్నా.

ఆమె 1669వ సంవత్సరము జనవరి 20వ తేదీన లండను పట్టణములో జన్మించెను. ఆమె తండ్రి డాక్టర్ శామ్యూల్ ఆన్స్లీ పేరుపొందిన బోధకుడు. ఆయన తన మనస్సాక్షి నిమిత్తము ఇంగ్లండు రాజ్యసంఘమును విడిచి వచ్చినవాడు. ఆయనకు ఇరువది అయిదుగురు పిల్లలు కలిగిరని, వారిలో సూసన్నా కడసారిదని చెప్పుదురు. ఆడపిల్లలకు చదువెందుకనుకొను ఆ కాలములో ఆమె తండ్రి గ్రంథాలయములోని పుస్తకములను చదివి పెరిగెను. పదమూడేండ్ల ప్రాయమునకే రెండు పక్షముల వాదములను తూచి చూచి, తండ్రి విడిచిన రాజ్యసంఘములోనే చేరుటకు తానుగా నిర్ణయించుకొనెను. తండ్రి కోపింపలేదు. తాను నమ్మినదానిని నెమ్మదిగా చెప్పి, దానిమీద నిలుచు స్వభావము ఆమెకు చిన్ననాడే కలిగెను. ఆ స్వభావము ముందు ముందు ఎంత అక్కరకు వచ్చెనో చూడగలము.

1688 నవంబరులో ఆమెకు శామ్యూల్ వెస్లీతో వివాహమయ్యెను. ఆయన పండితుడు, కవి, బహు కష్టపడి పనిచేయు గురువు. అయితే లెక్క చూచుకొనుటలో మాత్రము నేర్పు లేనివాడు. ఈ సంగతిని దాచుట మాకు తగదు. వివాహమైన కొలది కాలమునకే ఆయన కొన్ని నెలలు యుద్ధనౌకలో గురువుగా పనిచేయుటకు వెళ్లెను. 1691లో లింకన్ షైరులోని సౌత్ ఓర్మ్స్‌బీ అను పల్లెకు వచ్చిరి. అక్కడ సంవత్సరమునకు 50 పౌనుల రాబడి. తరువాత కొన్ని యేండ్లకు అదే మండలములోని ఎప్వర్త్ అను ఊరికి ఆయన గురువుగా నియమింపబడెను. అక్కడి రాబడి సంవత్సరమునకు 200 పౌనులని పేరు. చేతికి మాత్రము అంత వచ్చెడిది కాదు.

మన పల్లెవారికి ఈ సంగతి తేటగా తెలియును. ఆ రాబడి నెలజీతముగా వచ్చునది కాదు. దశమభాగములు, సంఘమునకు చెందిన భూమి పంట, ఇవే ఆయన జీవనాధారము. పంట పోయిన యేడు గురువు రాబడియు పోవును. క్రొత్త ఉద్యోగమున ప్రవేశించినందుకు కట్టవలసిన రుసుములకు, యింటి సామానులకు, వ్యవసాయపు పనిముట్లకు ఆయన మొదటనే అప్పు చేసెను. కొట్టము కూలిపోగా మరల కట్టించుటకు 40 పౌనులు పట్టెను. విధవరాలైన తన తల్లికి ఏటేట 10 పౌనులు పంపవలసియుండెను. ఆ అప్పుమీద వడ్డీ పెరిగెను. 1700వ సంవత్సరమునాటికి మొత్తము బాకీ 300 పౌనులకు చేరెను. ఏడాది రాబడి అంతయు ఇచ్చివేసినను తీరని బాకీ అది.

1701 మే నెలలో ఒకనాడు భార్యాభర్తలు తమ యొద్దనున్న డబ్బంతయు ఒకచోట చేర్చి లెక్కపెట్టిరి. ఆరు షిల్లింగులు వచ్చెను. ఆ కాలమున ఒక పౌనుకు ఇరువది షిల్లింగులు. ఆ ఆరింటితో బొగ్గు తెప్పించుకొనిరి. అప్పుడు సూసన్నా నిండు చూలాలు. తరువాత ఒక గొప్పయింటి స్త్రీ యొద్దనుండి 10 పౌనుల సహాయము అందెను. ఆ రాత్రియే ఆమెకు కవలలు పుట్టిరి. ఆమెకు మొత్తము పందొమ్మిదిమంది పిల్లలు కలిగిరి. వారిలో తొమ్మిదిమంది పసితనముననే చనిపోయిరి. బ్రతికినవారు ముగ్గురు కుమారులు, ఏడుగురు కుమార్తెలు. ఒక్కొక్క పసిగుడ్డును మట్టికి అప్పగించి మరల పొయ్యి యొద్దకు వచ్చి నిలిచిన ఆ తల్లి మనస్సును మన తల్లులు గ్రహింపగలరు.

భర్త ఇంట లేని దినములు ఆమెకు అనేకములు. 1702లో రాజు నిమిత్తమై భార్యాభర్తలకు భేదము కలిగెను. మూడవ విలియము న్యాయమైన రాజు కాడని ఆమె నమ్మెను గనుక ఆయన కొరకైన ప్రార్థనకు ఆమేన్ అనలేదు. శామ్యూల్ కోపించి యిల్లు విడిచి వెళ్లెను. భక్తులైన దంపతుల మధ్యనుండియు సాతాను ఇట్టి చిన్న ద్వారమునుండి లోపలికి వచ్చును. ఆ వేసవిలో నిప్పు అంటుకొని యింటిలో మూడింట రెండు వంతులు కాలిపోయెను. ఆ కష్టము తరువాత వారు మరల ఏకమైరి. 1703 జూనులో జాన్ పుట్టెను. 1704లో నార కొరకు వేసిన అవిసె పంట అగ్నికి ఆహుతియయ్యెను. అప్పు తీరునను ఆశ దానితోపాటు కాలిపోయెను.

1705వ సంవత్సరము వారికి అన్నిటికంటె కఠినమైనది. ఆ యేడు పార్లమెంటు ఎన్నికలు జరిగెను. శామ్యూల్ ఒక పక్షమునకు బాహాటముగా ఓటు వేసెను. ఊరివారిలో అనేకులు ఎదుటి పక్షమువారు. ఆయన ఎన్నిక నిమిత్తము లింకన్ పట్టణమునకు వెళ్లియుండగా, ఒక గుంపు రాత్రియంతయు ఆ యింటి కిటికీ క్రింద డప్పులు కొట్టి, కేకలు వేసి, తుపాకులు పేల్చెను. సూసన్నా ప్రసవించి మూడు వారములైనను కాలేదు. బిడ్డను ఎదుటి యింటిలో ఒక దాది యొద్ద ఉంచిరి. ఆ అల్లరివలన చాల రాత్రివరకు నిద్రలేని దాది, చివరకు ఒళ్లెరుగక నిద్రపోయి బిడ్డమీద పొరలెను. తెల్లవారుసరికి బిడ్డ లేదు. భయముతో పరుగెత్తి వచ్చిన దాది ఆ చిన్న శవమును పనివారి చేతులలో వేయగా, వారు దానిని తల్లి చేతులలో వేసిరి.

దుఃఖము చల్లారకముందే మరియొక దెబ్బ తగిలెను. జూను నెలలో, బాప్తిస్మమిచ్చి గుడి బయటకు వచ్చుచున్న శామ్యూలును గుడి ఆవరణములోనే వారంటు మీద పట్టుకొనిరి. బాకీ 30 పౌనులకు లోపే. అయినను ఆనాడు దానిని తీర్చు దారి లేదు. ఆయనను లింకన్ కోటలోని చెరసాలలో వేసిరి. ఇంట పెద్ద కుమార్తె ఎమీలియాకు సుమారు పన్నెండేండ్లు. జానుకు రెండేండ్లు. పెద్ద కుమారుడు లండనులో చదువుకొనుచుండెను. తల్లి చేతిలో రొక్కము ఇంచుమించు లేదు.

అప్పుడు సూసన్నా ఏమి చేసెను? మొదట తనకున్న ఉంగరములను చెరలోనున్న భర్తకు పంపెను. ఆయనకు సహాయము చేయుటకు ఆమె యొద్ద మరేమియు లేదు. ఆయన వాటిని తిరిగి పంపివేసెను. ఒకరు పంపుటలోను, ఒకరు పుచ్చుకొనకుండుటలోను ఆ యింటి ప్రేమ కనబడుచున్నది. బీదరికము వారి మధ్య మాట తేడాలు తెచ్చెను గాని ప్రేమను తీసివేయలేదు.

రెండవది, ఆమె యింటిలో మిగిలిన దానిని నమ్ముకొని దినము గడిపెను. మూడు ఆవులుండెను. ఆ కుటుంబమునకు ముఖ్యాహారము ఆ పాలే. శత్రువులు దానినికూడ చూడలేకపోయిరి. వేసవి చివర ఒక రాత్రి ఎవరో ఆ మూడు ఆవులను పొడిచిరి. అవి పాలు ఇచ్చుట మానెను. తలుపు గడియ పాడుచేసి లోపలికి వచ్చుటకును ప్రయత్నించిరి గాని కుక్క అరచుటచేత వెళ్లిపోయిరి. పల్లెలో పాడి పశువు పోవుట అనగా ఏమో మనకు ఎవరును చెప్పనక్కరలేదు. పిల్లల గిన్నెలోని కూడు పోయినట్లే.

శామ్యూల్ చెరసాలలో నిరాశపడలేదు. తోటి ఖైదీలకు దినదినము ప్రార్థన చదివి వినిపించెను, వారికి పంచుటకు మంచి పుస్తకములు తెప్పించెను. యార్కు ఆర్చిబిషప్పు జాన్ షార్పు మొదలైన స్నేహితులు చందాలు కూర్చి సహాయము చేయగా సుమారు మూడు నెలలకు విడుదల పొందెను. బాకీలో చాల భాగము తీరెను, కొంత మిగిలెను.

ఆ ఆర్చిబిషప్పు ఒకమారు సూసన్నాను చూచి, నిజముగా ఎన్నడైనను తినుటకు రొట్టె లేకపోయెనా అని అడిగెను. ఆమె జవాబును మనము జ్ఞాపకముంచుకొనవలెను. రొట్టె బొత్తిగా లేకపోయిన దినము లేదని ఆమె ఒప్పుకొనెను. అయితే దానిని సంపాదించుటకు తినకముందు పడిన ఆరాటము, తినిన తరువాత దాని వెల తీర్చుటకు పడిన ఆరాటము ఆ రొట్టెను చేదు చేసెనని తెలిపెను. ఆమె దేవుని మేలు మరువలేదు, తన బాధను దాచలేదు. ఆయన ఆమెకు తగిన ధనసహాయము చేసెను. మనలో కొందరు ఇంటి యిబ్బంది దైవసేవకునికైనను చెప్పుకొనుటకు సిగ్గుపడుదురు. కొందరు ఉన్నదానికంటె పెంచి చెప్పుదురు. సూసన్నా ఉన్నది ఉన్నట్లు చెప్పెను.

1709 ఫిబ్రవరి 9వ తేదీ రాత్రి ఆ యిల్లు మరల అంటుకొనెను. కొయ్యతోను పూతమట్టితోను కట్టి గడ్డి కప్పిన యిల్లు గనుక గడియలో బూడిదయయ్యెను. నిండు చూలాలైన సూసన్నా మంటలలోనుండి నడిచి బయటపడెను. ముఖము, చేతులు కాలెను. అయిదేండ్ల జాన్ పై గదిలో చిక్కుకొనగా, ఒకని భుజములమీద మరియొకడు ఎక్కి కిటికీలోనుండి వానిని దించిరి. మరుక్షణమే పైకప్పు కూలెను. పిల్లలందరు దక్కిరని తండ్రి మోకరించి స్తుతించెను. పుస్తకములు, బట్టలు, సామానులు సమస్తము పోయెను. క్రొత్త యిల్లు ఇటుకతో కట్టుటకు సుమారు 400 పౌనులు అయ్యెను. మరల అప్పు. పిల్లలను కొంతకాలము ఇరుగుపొరుగు యిండ్లలోను, బంధువుల యిండ్లలోను ఉంచవలసివచ్చెను.

ఇంత లేమిలోను ఆమె పిల్లల చదువు ఆపలేదు. దినమునకు ఆరు గంటలు, ఉదయము మూడు, మధ్యాహ్నము మూడు, ఇంటిలోనే బడి. అయిదేండ్లు నిండగానే అక్షరములు నేర్పెడిది. ఆడపిల్ల చక్కగా చదువ నేర్చువరకు కుట్టుపని నేర్పకూడదని నియమము పెట్టెను. పిల్లలు భోజనమునకు భోజనమునకు నడుమ ఏమియు తినరాదు. వంటయింటికి పోయి పనివారిని తిండి అడుగరాదు. తప్పు ఒప్పుకొనిన బిడ్డను కొట్టకూడదు. ఇచ్చిన మాట తప్పకూడదు. ఒకరి వస్తువు, అది గుండుసూదియైనను, చిల్లికాసైనను, వారి సెలవు లేక మరియొకరు తీసికొనరాదు. ఈ నియమములన్నిటిని తరువాత 1732లో ఆమె జానుకు వ్రాసిన ఉత్తరములో వివరించెను. అప్పులున్న యింటిలో పిల్లలు పరుల సొమ్ము విషయమై ఇంత జాగ్రత్తగా పెరుగుట గొప్ప సంగతి. లేమి దొంగతనమునకు సాకు కారాదని ఆమె గుండుసూదితోనే నేర్పెను.

1711–12 చలికాలములో శామ్యూల్ గురువుల మహాసభ నిమిత్తము లండనులో ఉండెను. ఆ ప్రయాణముల ఖర్చు, సహాయ గురువు నియామకపు భారము ఇంటి రాబడిమీదనే పడెను. ఆ సహాయ గురువు ఎప్పుడు ప్రసంగించినను అప్పులు తీర్చుటను గూర్చియే చెప్పెడివాడని ఒక వాడుక. బాకీలున్న ఆ కుటుంబము ముందు బల్లమీద కూర్చుండి ఆ ప్రసంగములు వినెను గదా!

ఆ దినములలో ఎమీలియా తండ్రి గదిలో ఒక పుస్తకము కనుగొనెను. డెన్మార్కు రాజు పంపగా 1706లో మన దక్షిణదేశపు తరంగంబాడికి వచ్చిన సీగన్‌బాల్గ్, ప్లూట్షౌ అను మిషనెరీల వృత్తాంతమది. దానిని వినిన సూసన్నా హృదయము మండెను. తాను మగదానను కాను, గురువును కాను, అయినను దేవుడు తనకప్పగించిన వారికి ఇంకను ఎక్కువ చేయగలనని తలంచెను. వారములో ఒక్కొక్క సాయంకాలము ఒక్కొక్క బిడ్డతో ఏకాంతముగా కూర్చుండి ఆత్మసంగతులు మాటలాడ నారంభించెను. గురువారము జానుది, శనివారము చార్లెసుది. ఆదివారము సాయంకాలము వంటయింటిలో పిల్లలకు, పనివారికి ప్రసంగము చదివి ప్రార్థించుచుండగా పొరుగువారు వచ్చిరి. ముప్పది, నలువది, చివరకు రెండు వందలమంది. ఒకనాడు ఆ యింటి క్రింద డప్పులు కొట్టిన ఊరివారే ఇప్పుడు ఆ యింట నిలువ చోటులేక తిరిగిపోయిరి.

సహాయ గురువు ఫిర్యాదు చేయగా శామ్యూల్ ఈ కూటములు మానుమని సూచించెను. ఆమె వినయముగా జవాబు వ్రాసెను: మానవలెనని స్పష్టముగా ఆజ్ఞాపించినయెడల లోబడెదను, అయితే ఈ ఆత్మల విషయమై క్రీస్తు న్యాయపీఠము ఎదుట ఆ బాధ్యత ఆయనదే యగునని. ఆయన మరి మానుమనలేదు.

తరంగంబాడి మిషనుకు చెందిన బెంజమిన్ షుల్జ్ అనునతడే తరువాత మద్రాసులో పనిచేసి, తెలుగు నేర్చి, వేదభాగములను మన భాషలోనికి తర్జుమా చేసెను. ఎప్వర్త్ వంటయింటిని మేలుకొలిపిన మిషను మన తెలుగువారినికూడ మరువలేదు.

ఈ కథ అంతటితో సుఖాంతమయ్యెనని చెప్పజాలము. సూసన్నా సోదరుడు సూరతులో ఇంగ్లీషు వర్తక కంపెనీ పనిలో ఉండి ధనవంతుడాయెను. అతడు తన వ్యవహారములను శామ్యూలుకు అప్పగించి, అవి సరిగా జరుగలేదని నిందించెను. 1722లో ఆమె సోదరునికి ఉత్తరము వ్రాసి, భర్త లోకవ్యవహారములకు తగినవాడు కాడని ఒప్పుకొనుచునే, ఆయన పాండిత్యమును, యథార్థతను గట్టిగా సమర్థించెను. తరువాత సోదరుడు తిరిగి వచ్చుచున్నాడని విని లండనుకు వెళ్లెను. అతడు రానేలేదు. కుమార్తెలు ఇంటి లేమివలన చాల బాధపడిరి. ఎమీలియా బడిపంతులమ్మగా పరాయి ఊరికి పోయి సంపాదించుకొనెను. అప్పులును, తల్లి పడిన లోటును గూర్చి ఆమె జానుకు నొచ్చుకొని వ్రాసెను. పెద్ద కుమారుడు శామ్యూల్ తన బడి జీతమునుండి ఇంటికి డబ్బు పంపుచుండెను.

1735 ఏప్రిల్ 25న శామ్యూల్ వెస్లీ ప్రభువునందు నిద్రించెను. ఆయనను సమాధిచేసిన దినముననే, 15 పౌనుల కౌలు బాకీ నిమిత్తము 40 పౌనులకు పైగా వెలగల పశువులను జప్తు చేసిరి. జాన్ నోటు వ్రాసి ఇచ్చి వాటిని విడిపించెను. ఎలీషా యొద్దకు వచ్చిన విధవరాలివలెనే ఈమె యింటికిని అప్పులవారు వచ్చిరి. అయితే ఈమె కుమారులను వారు తీసికొనిపోలేకపోయిరి. దేవుడు వారిని ముందుగానే తీసికొనియుండెను. అదే యేడు జాన్, చార్లెస్ అమెరికాలోని జార్జియాకు సేవకై బయలుదేరిరి. ముసలితనములో ఆధారమైన కొడుకులను ఆమె ఆపలేదు. ఇరువదిమంది కొడుకులున్నను అట్లే పంపుదునని ఆమె భావము. చివరి దినములు పిల్లల యిండ్లలో, కడపట లండనులో జాన్ యొద్ద గడిపి, 1742 జూలై 23న ఆమె కన్నుమూసెను. తాను విడుదల పొందగానే స్తుతికీర్తన పాడుడని పిల్లలతో చెప్పెను. వారు అట్లే చేసిరి. ఆమె పంచియిచ్చుటకు ఆస్తి ఏమియు లేదు.

ప్రియ చదువరులారా, మన యిండ్లలో అనేకమంది తండ్రులు కూలికై, ఉద్యోగమునకై దూరప్రాంతములకు పోవుచున్నారు. తల్లి చేతిలోనే ఇంటి సంచి యుండును. ఈ చరిత్రనుండి మనము మూడు సంగతులు నేర్చుకొందము.

మొదటిది, భార్యాభర్తలు డబ్బు లెక్క కలిసి చూచుకొనవలెను. ఎంత కొంచెమైనను ఒకచోట పెట్టి లెక్కించుటలో సిగ్గు లేదు. దూరముననున్న తండ్రి అక్కడ చేసిన అప్పు ఇక్కడ దాచరాదు. తల్లి ఇక్కడ తెచ్చిన చేబదులు అక్కడికి తెలుపవలెను. రోమా పత్రిక 13వ అధ్యాయము 8వ వచనము ఇద్దరికిని చెందును.

రెండవది, పంచాంగము చూచినట్లు పంట మంచిదగునని ఊహించి అప్పు చేయరాదు. శామ్యూల్ వెస్లీ మంచివాడే. అయినను రాని రాబడిని నమ్మి చేసిన అప్పు ఆయన పిల్లలందరిమీద పడెను. దేవునియందలి నమ్మకము ఒకటి, లెక్క చూడకుండుట మరియొకటి. ఈ రెంటిని కలుపరాదు.

మూడవది, తండ్రి లేడని కుటుంబ ప్రార్థన ఆపరాదు. ఇంట ఏమున్నదని ప్రభువు అడిగిన దినమున, సూసన్నా చూపుటకు ఒక వంటయిల్లు, చేతిలో ఒక పుస్తకము, వారములో ఒక సాయంకాలము మాత్రమే యుండెను. ఆమె తలుపు తీసి వాటినే ఆయనకిచ్చెను. మన యింటనున్న కొంచెమును మనమును ఆయన చేతికిత్తము గాక. ఆమేన్.